నిలబడి నడిపే పెట్రోల్ స్కూటర్: మనమే కడితే ఏం కావాలి? ఏం జాగ్రత్త?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగారు. కథలు, కవితలు నాకు చేతకావు. ఐటీఐలో ఫిట్టర్ చేసి, పాశమైలారంలో ఒక చిన్న ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి చేరినవాణ్ణి. నేను చేసి చూసిన పని గురించే రాస్తున్నాను.

ఎందుకు కట్టాల్సి వచ్చింది?

ఇస్నాపూర్ చౌరస్తాలో బస్సు దిగితే మా గేటుకు ఇంకా మూడు కిలోమీటర్లు. షేర్ ఆటో నిండితే గాని కదలదు. ఆరు గంటల షిఫ్టుకు పది నిమిషాలు ఆలస్యమైతే సగం పూట కూలి పోయేది. నెలకు నాలుగైదు సార్లు అలా పోతే ఇంటికి పంపే డబ్బులోనే కోత పడేది. బండి కొందామంటే చేతిలో డబ్బు లేదు. పటాన్‌చెరులో వెల్డింగ్ షాపులున్నాయి, లేత్ షాపులున్నాయి, స్క్రాప్ దుకాణాలున్నాయి. చేతిలో పని ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాను.

ఇది కొత్త ఆలోచనేం కాదు

1915లోనే అమెరికాలోని న్యూయార్క్‌లో 'ఆటోపెడ్' అనే నిలబడి నడిపే స్కూటర్ అమ్మకానికి వచ్చింది. 155 సీసీ ఇంజను ముందు చక్రం మీదే ఉండేది. హ్యాండిల్ కాడను ముందుకు తోస్తే క్లచ్ పట్టేది, వెనక్కి లాగితే క్లచ్ విడిచి బ్రేకు పడేది. లండన్‌లో 1916లో లేడీ ఫ్లారెన్స్ నార్మన్ అనే మహిళ దాని మీదే పనికి వెళ్లేది. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. 1921 నాటికి అమెరికాలో దాని తయారీ ఆగిపోయింది. మళ్లీ 1980 దశకంలో కాలిఫోర్నియాలో స్టీవ్ ప్యాట్‌మాంట్ 'గో-పెడ్' పేరుతో చిన్న ఇంజను పెట్టి ఇలాంటిదే చేశాడు. మన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ కూడా ఒకప్పుడు 'పుష్పక్' పేరుతో స్కూటర్లు చేసింది. అవి కూర్చుని నడిపేవి.

ఎంత శక్తి కావాలి?

పదో తరగతి భౌతికశాస్త్రం ఇక్కడ పనికొస్తుంది. మనిషి, బండి కలిపి 100 కిలోలు అనుకుందాం. మంచి రోడ్డు మీద చక్రాల రాపిడికి సుమారు 15 న్యూటన్లు పోతుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో (సెకనుకు 7 మీటర్లు) నిలబడ్డ మనిషికి తగిలే గాలి మరో 17, 18 న్యూటన్లు. మొత్తం 32 న్యూటన్లు. బలాన్ని వేగంతో గుణిస్తే శక్తి. 32 × 7 అంటే దాదాపు 225 వాట్లు. ఇరవై మీటర్లకు ఒక మీటరు లేచే ఎత్తు ఎక్కాలంటే, వేగం తగ్గించినా 365 వాట్లు కావాలి. ఒక హార్స్ పవర్ 746 వాట్లు. చైన్లలో కొంత పోయినా ఒక హార్స్ పవర్ ఇంజను సరిపోతుంది. అంతకన్నా పెద్దది పెడితే పెరిగేది వేగం, ప్రమాదం.

ఇంజను, క్లచ్, చైను

మందు కొట్టే తైవాన్ పంపు ఇంజను అందరికీ మొదట గుర్తొస్తుంది. కానీ దాంట్లో సాధారణంగా క్లచ్ ఉండదు, పంపుకు నేరుగా కలిపి ఉంటుంది. స్టార్ట్ చేయగానే బండి ఉరుకుతుంది. అందుకే గడ్డి కోసే బ్రష్ కట్టర్ ఇంజను మేలు. అందులో సెంట్రిఫ్యూగల్ క్లచ్ ఉంటుంది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు క్లచ్ ముక్కలు స్ప్రింగు లాగుడుతో లోపలే ఉంటాయి. వేగం పెరిగితే బయటికి జరిగి డ్రమ్మును పట్టుకుంటాయి. యాక్సిలరేటర్ వదిలితే మళ్లీ విడిచిపెడతాయి.

ఇంజను నిమిషానికి 7,000 చుట్లు తిరుగుతుంది. చిన్నపిల్లల సైకిల్ 12 అంగుళాల చక్రం ఒక్క చుట్టుకు సుమారు ఒక మీటరు పోతుంది. గంటకు 25 కిలోమీటర్లు అంటే నిమిషానికి 417 మీటర్లు, అంటే చక్రం 417 చుట్లు తిరగాలి. 7,000ను 417తో భాగిస్తే సుమారు 16.8. ఇంత తగ్గింపు ఒకే చైనుతో కుదరదు, రెండు మెట్లలో చేయాలి. మొదట 11 పళ్ల నుంచి 44 పళ్లకు (4 రెట్లు), మధ్య షాఫ్టు మీద నుంచి 12 పళ్ల నుంచి 50 పళ్లకు (4.17 రెట్లు). రెండూ గుణిస్తే 16.7. స్ప్రాకెట్లు కొనే ముందే ఈ లెక్క వేసుకోవాలి. నేను మొదట లెక్క వేయకుండా ఒకే చైనుతో కట్టాను. ఎత్తు రాగానే క్లచ్ జారి, కాలి, వాసన కొట్టింది.

చక్రం దగ్గర నేను చేసిన తప్పు

మొదటి బండికి స్క్రాప్‌లో దొరికిన ట్రాలీ చక్రాలు వేశాను. ఆరు అంగుళాలవి. చూడటానికి ముచ్చటగా ఉన్నాయి. నాలుగో రోజు సర్వీసు రోడ్డు మీద చిన్న గుంతలో ముందు చక్రం దిగి అక్కడే ఆగిపోయింది. నేను ఆగలేదు. మణికట్టు విరిగింది. ఆరు వారాలు పని లేదు, కాంట్రాక్టు మనిషికి పని లేకపోతే కూలి లేదు. ఆలస్యం వల్ల ఏడాది మొత్తం పోగొట్టుకునేదానికన్నా ఎక్కువే ఆ ఆరు వారాల్లో పోయింది.

తర్వాత మంచంలో పడుకుని లెక్క వేశాను. నాలుగు సెంటీమీటర్ల మెట్టు ఎక్కడానికి ఆరు అంగుళాల చక్రానికి దాని మీది బరువుకు 1.9 రెట్ల తోపు కావాలి. 12 అంగుళాల చక్రానికి 0.9 రెట్లు చాలు. మన రోడ్లకు గాలి నింపే పెద్ద చక్రమే గతి.

బ్రేకు సంగతీ అంతే. నిలబడితే మన బరువు మొత్తం మీటరుకు పైన ఉంటుంది, రెండు చక్రాల మధ్య దూరం మీటరే. ముందు బ్రేకు గట్టిగా పడితే మనిషి హ్యాండిల్ మీదుగా పోతాడు. రెండు చక్రాలకూ బ్రేకు పెట్టి, వెనక్కి వంగి, మెల్లగా నొక్కాలి. 25 వేగంలో అపాయం చూసి తేరుకునే ఒక్క సెకనులోనే 7 మీటర్లు పోతాం, ఆగడానికి ఇంకో ఐదారు మీటర్లు. కనీసం 12 మీటర్లు ఖాళీ ఉండాలన్నమాట. హెల్మెట్ లేకుండా ఎక్కొద్దు.

చట్టం ఏమంటుంది?

1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(28) ప్రకారం, నాలుగు చక్రాలకన్నా తక్కువ ఉండి, ఇంజను 25 సీసీకి మించని బండి 'మోటారు వాహనం' కాదు. దానికి రిజిస్ట్రేషన్, లైసెన్సు అడగరు. ఒక్క పాయింటు దాటినా లెక్క మారుతుంది. కొన్ని తైవాన్ పంపుల ఇంజను 25.6 సీసీ ఉంటుంది. ప్లేటు చదవకుండా కొనొద్దు. 25 దాటితే రిజిస్ట్రేషన్ కావాలి, కానీ పరీక్ష సంస్థ ఆమోదం లేని ఇంటి బండికి రిజిస్ట్రేషన్ దొరకదు. ఉత్తరాదిలో ఊళ్లలో కట్టుకునే 'జుగాడ్' బండ్లు కూడా మోటారు వాహనాలేనని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది. 2019 సవరణ తర్వాత మైనరు మోటారు వాహనం నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా ఉంది.

రిజిస్ట్రేషన్ అక్కర్లేదంటే బాధ్యత లేదని కాదు. ఇన్సూరెన్సు లేని బండి ఎవరికైనా తగిలితే నష్టం మన జేబులోంచే కట్టాలి. లారీలు తిరిగే 65వ నంబరు జాతీయ రహదారి మీదికి ఇలాంటి బండి అసలు తేవద్దు.

పెట్రోలు ఎక్కడ ఉంచాలి?

ఈ బండి మడిచి గదిలో పెట్టుకోవచ్చని అనిపిస్తుంది. వద్దు. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. కనబడకుండా నేల మీద పాకి స్టవ్ దాకా పోతుంది. నలుగురైదుగురు పడుకునే గదిలో, హాస్టల్ గదిలో ఎప్పటికీ పెట్టకూడదు. సాల్వెంట్లు వాడే కెమికల్ ఫ్యాక్టరీల్లో ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే బండిని గేటు బయట పార్కింగులోనే ఆపాలి.

చివరగా

రెండో బండి బాగానే నడిచింది. దాదాపు ఏడాది వాడాను, ఆలస్యం కోత తప్పింది. అయినా నిజం చెప్పాలి. మూడు కిలోమీటర్లకు పాత సైకిల్ అయినా పన్నెండు పదిహేను నిమిషాల్లో తీసుకుపోతుంది, పెట్రోలు అడగదు. ఇప్పుడైతే 250 వాట్ల లోపు మోటారు, 25 లోపు వేగం ఉన్న బ్యాటరీ బండ్లకూ రిజిస్ట్రేషన్ మినహాయింపు ఉంది. డబ్బు కూడాక నేను సెకండ్ హ్యాండ్ మోపెడ్ కొన్నాను, కాగితాలతో సహా.

మరి ఆ కష్టం వృథాయేనా? కాదు. దాన్ని కట్టిన చేత్తోనే తర్వాత మెయింటెనెన్స్ విభాగంలో ఇంటర్వ్యూకు పోయాను. చైను తగ్గింపు గురించి అడిగితే కాగితం మీద లెక్క వేసి చూపించాను. పని వచ్చింది. తమ్ముళ్లూ, మీరూ ఏదైనా కట్టండి. ముందు లెక్క వేయండి, తర్వాత వెల్డింగ్ చేయండి. నాలాగా పడ్డాక లెక్క వేయకండి.