తుపాకి మడమ ఇంకా కొయ్యదే ఎందుకు? పాలిమర్ కాలంలోనూ తరగని అక్రోటు కలప ఆకర్షణ

ఝపటాపూర్ (ఖరగ్‌పూర్, పశ్చిమ బెంగాల్): తుపాకిలో భుజానికి ఆనించుకునే భాగాన్ని తెలుగులో ‘మడమ’ అంటాం. బెంగాలీలో అది ‘కుందో’, హిందీలో ‘కుందా’. ఆ రెండు మాటలకూ చెట్టు మొద్దు అనే అర్థం కూడా ఉంది. ఆంగ్లంలోని ‘స్టాక్’ సైతం మొదట చెట్టు మొదలును సూచించిన మాటే. ఈ భాషలన్నీ ఒకే వీధిలో వినిపించే ఖరగ్‌పూర్ రైల్వే పేటల్లో ఈ తేడా ఇట్టే తెలుస్తుంది. ఇతరులు తుపాకిలో కలపను చూశారు, తెలుగువారు మనిషి దేహాన్ని చూశారు. ఫైబర్‌గ్లాస్, పాలిమర్ మడమలు వచ్చి దశాబ్దాలు గడిచినా పాత వేట తుపాకులపై మక్కువ ఎందుకు తగ్గలేదన్న ప్రశ్నకు ఈ రెండు చూపులనూ కలిపితేనే సమాధానం దొరుకుతుంది.

కలపను వదులుకోవడం ఈ పట్టణానికి కొత్త కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు ఎన్నో ఇక్కడే స్థిరపడ్డాయి. ఆ రోజుల్లో రైలు పెట్టెల నిర్మాణంలో టేకుదే ప్రధాన స్థానం. 1955లో పెరంబూరు కర్మాగారం ఉక్కు పెట్టెల తయారీ మొదలుపెట్టాక కొయ్య పెట్టెల కాలం క్రమంగా ముగిసింది. ప్రమాదంలో చీలిపోయే, నిప్పంటుకునే పెట్టెలు పోయినందుకు విచారించినవారు బహుశా తక్కువే. తుపాకి విషయంలో మాత్రం ఆ తర్కం పూర్తిగా చెల్లలేదు.

మన దేశంలో ఈ కథకు కేంద్రం ఖరగ్‌పూర్‌కు దూరమేమీ కాదు. హౌరాకు ఇక్కడి నుంచి రైలు మార్గం సుమారు 115 కిలోమీటర్లు. అక్కడికి ఉత్తరాన, హుగ్లీ తీరంలో ఇషాపూర్ ఉంది. 18వ శతాబ్దం చివర తుపాకి మందు తయారీకి నెలవైన ఆ చోటే 1904లో రైఫిల్ కర్మాగారం ఏర్పడింది. పోలీసు ఠాణాల్లో తరతరాలు చూసిన త్రీనాట్‌త్రీ, ఆ తరువాతి ఎస్‌ఎల్‌ఆర్, పౌరులకు అమ్మే పాయింట్ 315 బోర్ స్పోర్టింగ్ రైఫిల్ అక్కడ తయారైనవే. సైనిక తూటాలు పౌరుల తుపాకుల్లో పట్టకూడదన్న వలస పాలకుల జాగ్రత్త ఫలితమే ఈ పాయింట్ 315 కొలత.

కొయ్య లోపం ఏమిటో ఇషాపూర్ రైఫిలే చెబుతుంది. బెంగాల్ వర్షాకాలపు తేమకు ఉబ్బి, ఉత్తరాది వేసవికి ఎండి, ముందరి కొయ్య చీలిపోయేది. దాన్ని బిగించి పట్టడానికి మ్యాగజైన్‌కు ముందు అడ్డంగా ఒక లోహపు మరను దించారు. పాత ఆయుధాల సేకర్తలు నేటికీ దాన్ని ‘ఇషాపూర్ స్క్రూ’ అనే పిలుస్తారు. కలప నిలువుగా దాదాపు కదలదు, అడ్డంగానే ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. ఉబ్బిన కొయ్య గొట్టాన్ని ఒక పక్కకు ఒత్తితే, నిన్న సరిగ్గా తగిలిన గురి నేడు పక్కకు తప్పుతుంది.

సింథటిక్ మడమకు ఈ బెడద లేదు. అమెరికాలో రెమింగ్టన్ సంస్థ 1959లో నైలాన్ మడమతో ‘నైలాన్ 66’ రైఫిల్‌ను విడుదల చేసినప్పుడు, తుపాకికి ప్లాస్టిక్ ఏమిటని పెదవి విరిచినవారున్నారు. అయినా అది పది లక్షలకు పైగా అమ్ముడైంది. మన ఇన్సాస్ రైఫిల్‌కు కూడా పాలిమర్ అంగాలే అమర్చారు. వాన, మంచు, బురద, మోటు వాడకం లెక్కలో తీసుకుంటే సింథటిక్‌దే పైచేయి. ఇందులో వాదానికి తావు లేదు.

అయినప్పటికీ కొయ్య ఎందుకు నిలిచింది? అసలు విషయం తెలుగువారు చూసిన ‘మడమ’లోనే ఉంది. వేటకు వాడే జోడు గొట్టాల తుపాకికి సాధారణంగా వెనుక గురి ఉండదు. కాల్చేవాడి కన్నే వెనుక గురి. చెంప కొయ్యపై ఆనే ఎత్తు కొద్దిగా మారినా గుళ్లు పైకో కిందికో పోతాయి. మెడ పొడవు, భుజాల వెడల్పు, చేతి నిడివి ఏ ఇద్దరికీ ఒకటి కావు. దర్జీ చొక్కా కొలతలు తీసుకున్నట్టు, నిపుణుడైన పనివాడు మనిషి కొలత తీసుకొని కొయ్యను చెక్కుతాడు. తరువాత అవసరమైతే వేడి నూనెతో మెత్తబరచి కాస్త పక్కకు వంచుతాడు కూడా. అచ్చులో పోసిన పాలిమర్‌కు ఈ వెసులుబాటు లేదు. ఇప్పుడు సర్దుబాటు పలకలతో కొత్త సింథటిక్ మడమలు వస్తున్నందున ఈ ఆధిక్యం కూడా కొంత తగ్గింది.

క్రీడారంగంలో ఈ పోటీ ఆసక్తికరంగా సాగింది. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ విభాగంలో అల్యూమినియం చట్రాల వాడకం బాగా పెరిగింది. పిస్టల్ విభాగాల్లో మాత్రం అరచేతి గుంతలకు తగినట్టు చెక్కిన అక్రోటు పిడి నేటికీ చెక్కుచెదరలేదు. చేతికి అతకాలంటే ఆకురాయితో కాస్త కాస్త అరగదీసుకోగలిగిన పదార్థం కావాలి మరి.

ఎన్నో చెట్లుండగా అక్రోటే ఎందుకన్నది సహజమైన సందేహం. దాని చేవ గట్టిది, కానీ మరీ బరువు కాదు. చెక్కడానికి లొంగుతుంది, దెబ్బకు సులభంగా పగలదు. దుంగను కోసి ఏళ్ల తరబడి ఆరబెట్టాకే పనికి తీసుకుంటారు. మణికట్టు దగ్గర, అంటే చేయి పట్టుకునే సన్నని చోట, కొయ్య చారలు పొడవునా సాగాలి. అడ్డంగా పోతే తుపాకి వెనక్కి తన్నినప్పుడు అక్కడే విరుగుతుంది. పైన అవిసె నూనెను పలుచగా రుద్ది, ఆరనిచ్చి, మళ్లీ రుద్దుతారు. ఈ పని వారాలు పడుతుంది. గీత పడితే మళ్లీ నూనె పట్టిస్తే చాలు. పాలిమర్‌పై పడ్డ గీత అలాగే ఉంటుంది.

వాడకం ముగిసిన చోట ఈ మక్కువకు మరో అర్థం వచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991 సవరణలతో మన దేశంలో వేటకు తెర పడింది. ఖరగ్‌పూర్‌కు పడమట ఉన్న జంగల్‌మహల్ సాల అడవుల్లో ఏటా సాగే వేట ఉత్సవాల్లో కనిపించేవి విల్లంబులు, బల్లేలే. వాటిలో జంతువులను చంపడాన్ని అడ్డుకోవాలని కలకత్తా హైకోర్టు ఆదేశించింది. వేట తుపాకి ఇక వేట సాధనం కాదు, తాత చేయి ఆనిన చోట నునుపెక్కిన కొయ్య. కర్ణాటకలోని కొడగు ప్రజలు కైల్‌పొళ్దు పండుగనాడు తుపాకులను పూలతో అలంకరించి పూజిస్తారు.

ఆ వారసత్వానికి 2019లో పరిమితి వచ్చింది. ఆయుధ చట్ట సవరణ ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. తొలి ముసాయిదాలో ఒకటే ఉండగా, అభ్యంతరాల తరువాత రెండుగా మార్చారు. వారసత్వంగా వచ్చినవీ ఈ లెక్కలోకే వస్తాయి. మూడవ దాన్ని ఏడాదిలోగా అప్పగించాలని, ఆపై 90 రోజుల్లో దాని లైసెన్సు రద్దు కావాలని చట్టం చెప్పింది. క్రీడాకారులకు మినహాయింపులున్నాయి. ఏది ఉంచుకోవాలన్న ప్రశ్న వచ్చినప్పుడు పనితనం కంటే తండ్రి చేతిలో చూసిన తుపాకి వైపే మనసు మొగ్గడంలో వింత లేదు.

చట్టం మరో పనినీ కట్టడి చేసింది. తుపాకి మరమ్మతుకూ లైసెన్సు తప్పనిసరి కాబట్టి, ఎంత నేర్పరి అయినా మామూలు వడ్రంగి పగిలిన మడమను తుపాకికి అమర్చకూడదు. కలకత్తాలోని పాత ఆయుధ దుకాణాలు, మీర్ ఖాసిం కాలం నుంచి తుపాకుల తయారీకి పేరొందిన బిహార్‌లోని ముంగేర్ వంటి చోట్లనే ఆ విద్య మిగిలింది. యజమాని స్వయంగా చేసుకోదగినది కొంతే: ఏడాదికొకసారి పలుచగా నూనె పట్టించడం, వర్షాకాలంలో తోలు తొడుగులో మూసిపెట్టకుండా గాలి తగిలేలా భద్రపరచడం. మణికట్టు దగ్గర సన్నని బీట కనిపించినా తూటా నింపకూడదు. లైసెన్సు పత్రంతో సహా అనుమతి ఉన్న మరమ్మతుదారుకు చూపించాలి.