డీప్ సైకిల్ బ్యాటరీ నిల్వ, నిర్వహణ

డీప్ సైకిల్ బ్యాటరీ అనగా తనలో నిల్వ ఉన్న విద్యుత్తులో అధిక భాగాన్ని గంటల తరబడి నెమ్మదిగా అందించి, తిరిగి ఛార్జి చేసుకోవడానికి అనువుగా నిర్మించిన సంచాయక ఘటం. ఇళ్ళలోని ఇన్వర్టర్లకు, సౌర విద్యుత్ ఏర్పాట్లకు, పడవలలోని దీపాలకు, పరికరాలకు ఇటువంటి బ్యాటరీలను వాడతారు. పాశ్చాత్య దేశాలలో కుటుంబంతో సహా యాత్రలకు వెళ్ళే క్యాంపర్ బండ్లలో కూడా ఇవే ఉంటాయి. వీటిలో సీసం, గంధకికామ్లం ఆధారంగా పనిచేసే రకం భారతదేశంలో చిరకాలంగా వాడుకలో ఉంది. ఈ రకం బ్యాటరీ వాడకం లేనప్పుడు కూడా తనంతట తానే ఛార్జిని కోల్పోతుంది. ఛార్జి తగ్గిన స్థితిలో నెలల తరబడి వదిలివేస్తే, నిత్యం వాడే బ్యాటరీ కంటే త్వరగా పాడవుతుంది. గోదావరి డెల్టాలో తాళం వేసి ఉంచే ఇళ్ళు, వేట నిషేధ కాలంలో ఒడ్డుకు చేరే పడవలు ఈ సమస్యకు ముఖ్యమైన ఉదాహరణలు.

చరిత్ర

తిరిగి ఛార్జి చేయదగిన సీసపు బ్యాటరీని 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే రూపొందించాడు. 1881లో కెమిల్ ఫోర్ సీసపు పలకలపై సీసపు ఆక్సైడు ముద్దను పూసే పద్ధతిని ప్రవేశపెట్టడంతో ఇది పరిశ్రమలలో తయారీకి అనువైనది. తెలుగు ప్రాంతంలో బ్యాటరీల తయారీకి పేరొందిన సంస్థలలో తిరుపతి సమీపంలోని అమరరాజా ఒకటి. దీనిని 1985లో గల్లా రామచంద్ర నాయుడు స్థాపించాడు.

నిర్మాణం

కారు, ట్రాక్టరు వంటి వాహనాలలో ఇంజనును కదిలించే బ్యాటరీ కొన్ని క్షణాల పాటు చాలా ఎక్కువ విద్యుత్తును ఇవ్వాలి. అందుకు దానిలో పలుచని పలకలు ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. డీప్ సైకిల్ బ్యాటరీలో పలకలు మందంగా ఉంటాయి. ఇన్వర్టర్లకు వాడే ట్యూబులర్ రకంలో ధన పలకలోని పదార్థం సన్నని గొట్టాల వంటి తొడుగులలో ఇమిడి ఉంటుంది. కనుక పలుమార్లు లోతుగా ఖాళీ అయినా ఆ పదార్థం త్వరగా రాలిపోదు. 12 వోల్టుల బ్యాటరీలో 6 గదులు ఉంటాయి. ఒక్కొక్క గది సుమారు 2 వోల్టుల పీడనాన్ని ఇస్తుంది.

ఊరక ఉన్న బ్యాటరీలో జరిగే మార్పులు

బ్యాటరీ వాడకంలో ఉన్నప్పుడు రెండు రకాల పలకల మీదా సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది. ఛార్జి చేసినప్పుడు అది తిరిగి కరుగుతుంది. అప్పుడే ఏర్పడిన సల్ఫేటు మెత్తని చిన్న స్ఫటికాలుగా ఉంటుంది. బ్యాటరీని ఛార్జి చేయకుండా వారాల తరబడి వదిలివేస్తే ఈ స్ఫటికాలు పెద్దవై గట్టిపడతాయి. ఆ తరువాత ఎంత ఛార్జి చేసినా అవి పూర్తిగా కరగవు. దీనినే సల్ఫేషన్ అంటారు. "బ్యాటరీ ఛార్జింగ్ పట్టడం లేదు" అని ఇళ్ళలో చెప్పుకొనే లోపానికి తరచుగా కారణం ఇదే.

ఊరక ఉన్న బ్యాటరీలో ఛార్జి తగ్గడానికి రెండు కారణాలు ఉన్నాయి.

మొదటిది స్వయం విసర్జన. ఆంటిమొనీ కలిసిన సీసపు పలకలు గల మంచి బ్యాటరీ సుమారు 27 డిగ్రీల సెల్సియస్ వద్ద నెలకు 5 శాతం వరకు ఛార్జిని కోల్పోవచ్చు. పాతబడిన బ్యాటరీలలో ఇది ఇంకా ఎక్కువ. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడు ఈ నష్టం దాదాపు రెట్టింపవుతుంది.

రెండవది తగిలించి ఉన్న పరికరం వాడుకొనే విద్యుత్తు. ఇన్వర్టరు మీద ఒక్క దీపం కూడా వెలగకపోయినా, దాని లోపలి వలయాలకు కొంత విద్యుత్తు కావాలి. ఉదాహరణకు ఇది అర ఆంపియరు అనుకుంటే రోజుకు 12 ఆంపియర్ గంటలు ఖర్చవుతాయి. ఆ లెక్కన 150 ఆంపియర్ గంటల కొత్త బ్యాటరీ కూడా 12, 13 రోజులలో ఖాళీ అవుతుంది. స్వయం విసర్జన వలన ఏడాదిలో జరిగే నష్టం దీనివలన రెండు వారాలలోపే జరిగిపోతుంది.

గోదావరి డెల్టాలో

తాళం వేసిన ఇళ్ళు: ఉభయ గోదావరి ప్రాంతాలలో, ముఖ్యంగా కోనసీమ గ్రామాలలో, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడగా సంక్రాంతికో, వేసవి సెలవులకో మాత్రమే తెరిచే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఊరు విడిచి వెళ్ళేటప్పుడు జాగ్రత్త కొరకు మెయిన్ స్విచ్ ఆపడం అలవాటు. అయితే మెయిన్ ఆగిన వెంటనే ఇన్వర్టరు దానిని కరెంటు కోతగా భావించి బ్యాటరీ మీదికి మారుతుంది. ముందువైపు మీట నొక్కి ఆపినా చాలా ఇన్వర్టర్లు బ్యాటరీ నుండి స్వల్పంగా విద్యుత్తును తీసుకుంటూనే ఉంటాయి. యజమానులు తిరిగి వచ్చేసరికి బ్యాటరీ ఖాళీ అయి, సల్ఫేటు గట్టిపడి ఉంటుంది. మెయిన్ ఆపిన ఇంట్లో బ్యాటరీ తీగలను కూడా తప్పక విప్పాలి.

సముద్రపు పడవలు: చేపల సంతానోత్పత్తి కాలంలో తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల పాటు యాంత్రిక, మోటారు పడవలతో సముద్రపు వేట నిషేధం. కాకినాడ, అంతర్వేది, నరసాపురం ప్రాంతాల పడవలు ఈ కాలంలో ఒడ్డున ఉంటాయి. దీపాలకు, వైర్‌లెస్ సెట్లకు, దిశ తెలిపే పరికరాలకు వాడే బ్యాటరీలు కూడా ఊరక ఉంటాయి. ఏడాదిలో అతి పెద్ద విరామం ఏడాదిలో అతి వేడి రోజులలోనే రావడం ఇక్కడి ప్రత్యేకత. బ్యాటరీ ఉన్న చోట 37 డిగ్రీలు ఉంటే నెలకు 10 శాతం చొప్పున రెండు నెలలలో 20 శాతం పోతుంది. పూర్తి ఛార్జితో, తీగలు విప్పి ఉంచిన బ్యాటరీలో ఇంకా 80 శాతం మిగులుతుంది. సగం ఛార్జితో వదిలిన దానిలో 30 శాతమే మిగులుతుంది. చివరి వేట నుండి రాగానే ఛార్జి చేయడం అందువలన ముఖ్యం.

వరదలు, తుఫానులు: 1986 ఆగస్టు నాటి గోదావరి వరద, 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుఫాను, 2022 జూలై వరద వంటి విపత్తులలో విద్యుత్ సరఫరా స్తంభిస్తుంది. లంక గ్రామాలలో సెల్‌ఫోను ఛార్జింగుకు, రాత్రి వెలుతురుకు బ్యాటరీ అవసరమయ్యేది అప్పుడే. సరఫరా బాగా ఉన్న నెలలలో పట్టించుకోని బ్యాటరీ ఆ రాత్రి పనిచేయదు. జూన్, అక్టోబరు నెలల ఆరంభంలో ఒకసారి మెయిన్ ఆపి, ఇన్వర్టరు మీద ఒక గంట ఫ్యాను, దీపాలు నడిపి చూడడం మంచిది. వరద నీరు చేరే ఇళ్ళలో బ్యాటరీని ఎత్తైన, గట్టి అరుగు మీద ఉంచాలి.

ఛార్జి స్థితిని తెలుసుకోవడం

ఛార్జింగు, వాడకం రెండూ ఆపి, కొన్ని గంటల తరువాత మల్టీమీటరుతో కొలిస్తే 12 వోల్టుల బ్యాటరీలో సుమారుగా ఈ విలువలు కనిపిస్తాయి.

* పూర్తి ఛార్జి: 12.7 వోల్టులు, ఆమ్లపు విశిష్ట సాంద్రత 1.265
* 75 శాతం: 12.4 వోల్టులు, 1.225
* 50 శాతం: 12.2 వోల్టులు, 1.190
* 25 శాతం: 12.0 వోల్టులు, 1.155
* ఖాళీ: 11.8 వోల్టులు, 1.120

ఉష్ణ ప్రాంతాల కొరకు తయారైన ట్యూబులర్ బ్యాటరీలలో తరచుగా 1.24 ప్రాంతపు పలుచని ఆమ్లాన్ని నింపుతారు. అటువంటివి పూర్తి ఛార్జిలో కూడా 12.5 వోల్టుల దగ్గరే ఉంటాయి. కనుక బ్యాటరీ మీది చీటీని చూసి పోల్చుకోవాలి. ఒక్క గదిలో మాత్రమే సాంద్రత మిగిలినవాటి కంటే బాగా తక్కువగా ఉంటే ఆ గది చెడిపోయిందని అనుమానించవచ్చు.

విరామ కాలంలో పాటించవలసిన పద్ధతి

# ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందే బ్యాటరీని పూర్తిగా ఛార్జి చేయాలి. గంటకొకసారి హైడ్రోమీటరుతో కొలిచినప్పుడు మూడు సార్లు వరుసగా ఒకే విలువ వస్తే ఛార్జి పూర్తయినట్లు.
# ఛార్జి అయిన తరువాత నీటి మట్టం చూసి, తగ్గిన చోట డిస్టిల్డ్ వాటర్ పోయాలి. పలకలు బయటపడి ఉంటే మాత్రం ఛార్జికి ముందే అవి మునిగేంత వరకు పోయాలి.
# మెయిన్ ఆపి, ఇన్వర్టరు ఆపి, ముందు ఋణ తీగను, తరువాత ధన తీగను విప్పాలి. బిగించేటప్పుడు ఋణ తీగను చివర బిగించాలి.
# పై మూతను పొడిగా తుడవాలి. తడి, దుమ్ము కలిసిన పొర గుండా కూడా విద్యుత్తు కారిపోతుంది.
# టెర్మినళ్ళ మీది తెల్లని లేదా పచ్చని పొరను వంట సోడా కలిపిన నీటితో శుభ్రం చేసి, ఆరిన తరువాత వేజలైను రాయాలి. సోడా నీరు గదులలోకి పోరాదు.
# బ్యాటరీని ఎండ తగలని, గాలి ఆడే చోట ఉంచాలి.
# విరామం రెండు నెలలు మించితే నమ్మకస్తుల చేత నెలకు, రెండు నెలలకు ఒకసారి ఛార్జి చేయించాలి.

సౌర ఫలకంతో ఛార్జి నిలపడం మరొక మార్గం. 150 ఆంపియర్ గంటల బ్యాటరీ నెలకు 5 శాతం చొప్పున రోజుకు పావు ఆంపియర్ గంట మాత్రమే కోల్పోతుంది. 10 వాట్ల ఫలకం మంచి ఎండలో రోజుకు 2 ఆంపియర్ గంటలకు పైగా ఇవ్వగలదు. అయితే మధ్యలో ఛార్జ్ కంట్రోలరు తప్పక ఉండాలి.

మెయిన్ ఆపకుండా ఇన్వర్టరును ఛార్జింగులోనే వదిలివేస్తే ఛార్జి తగ్గదు గాని నీరు క్రమంగా తగ్గుతుంది. నిలకడ ఛార్జింగుకు 25 డిగ్రీల వద్ద సాధారణంగా 13.5 నుండి 13.8 వోల్టులు సరిపోతాయి. వేడి పెరిగినప్పుడు దీనిని కొంత తగ్గించాలి. చూసేవారు లేని ఇంట్లో నెలల తరబడి ఇలా ఉంచడం క్షేమం కాదు.

నీరు

బ్యాటరీలో నీరు మాత్రమే తగ్గుతుంది, ఆమ్లం తగ్గదు. కనుక మామూలు నిర్వహణలో ఆమ్లం పోయరాదు. కాలువ నీరు, బోరు నీరు, తాగే మినరల్ వాటర్ కూడా పనికిరావు. తీర గ్రామాల భూగర్భ జలంలో ఉండే క్లోరైడు లవణాలు, ఇనుము పలకలను పాడుచేసి స్వయం విసర్జనను పెంచుతాయి.

భద్రత

ఛార్జి అవుతున్న బ్యాటరీ నుండి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. గాలిలో ఇది 4 శాతానికి చేరితే నిప్పురవ్వకు పేలగలదు. దేవుని దీపం, అగరువత్తి, గ్యాస్ పొయ్యి దగ్గర బ్యాటరీని ఉంచరాదు. ఆమ్లం కంటిలో గాని, చర్మం మీద గాని పడితే వెంటనే ధారాళమైన నీటితో చాలాసేపు కడిగి వైద్యుని సంప్రదించాలి.

శీతల దేశాలలో

చలిలో స్వయం విసర్జన తగ్గుతుంది. కాని ఖాళీ అయిన బ్యాటరీలోని పలుచని ఆమ్లం సున్నాకు కొద్ది డిగ్రీల దిగువనే గడ్డకట్టి పెట్టెను పగులగొట్టవచ్చు. పూర్తి ఛార్జిలో ఉన్నది తీవ్రమైన చలిని కూడా తట్టుకుంటుంది. ఇక్కడ ఎండ, అక్కడ మంచు శత్రువులైనా, పూర్తి ఛార్జి చేసి తీగలు విప్పడమనే నియమం రెండు చోట్లా వర్తిస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల సంగతి వేరు. వాటిలో స్వయం విసర్జన చాలా తక్కువ. దీర్ఘ విరామంలో వాటిని పూర్తి ఛార్జితో గాక సుమారు సగం ఛార్జితో ఉంచడం మేలు.

పాత బ్యాటరీలు

సీసం, ముఖ్యంగా పిల్లలకు, విషతుల్యం. పాత బ్యాటరీలోని ఆమ్లాన్ని కాలువలోనో పెరటిలోనో పారబోయడం ప్రమాదకరం. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడిన బ్యాటరీల సేకరణ, పునర్వినియోగం ఉత్పత్తిదారుల బాధ్యత. కొత్తది కొనేటప్పుడు పాతదానిని దుకాణానికి ఇచ్చి ధరలో తగ్గింపు పొందవచ్చు.

ఇవి కూడా చూడండి

* సీసం
* గంధకికామ్లం
* ఇన్వర్టరు
* కోనసీమ