ఆటపెట్టెకు అగ్నిపరీక్ష

కుండను కొనువాడు వ్రేలితో తట్టి చూచును. బంగారమును కొనువాడు ఒరగంటిపై గీయించును. కొబ్బరికాయను చెవియొద్ద ఆడించి నీరున్నదో లేదో వినుట మన ఆడువారికి ఎవరును నేర్పనక్కఱలేదు. సొమ్ము చెల్లింపకమునుపే వస్తువుయొక్క గుణదోషముల నెఱుగుట కొనువాని హక్కు. అయితే వేలకొలది రూపాయలు పెట్టి మనము నేడు పిల్లలకు కొనిపెట్టుచున్న ఒక వస్తువు విషయమున ఈ హక్కు చాలవఱకు మన చేతిలో లేదు. అది వీడియో గేమ్ కన్సోల్. నేను దానిని ఆటపెట్టె యందును. అది అంగడికి రాకమునుపు దానిని ఎవరు పరీక్షింతురు, ఎట్లు పరీక్షింతురు, ఆ పరీక్షలో ఏమి తేలును, ఏమి తేలదు అనునదియే ఈనాటి నా ప్రసంగవిషయము.

ఆటపెట్టె యనగా టెలివిజనునకు తగిలించెడి చిన్న కంప్యూటరు. ఆటలాడించుటయే దాని ముఖ్యప్రయోజనము. చేతులతో పట్టుకొను మీటల పరికరమునకు కంట్రోలరని పేరు. మా సైదాబాదులోను, దిల్‌సుఖ్‌నగరులోను 1990 తరువాత పెరిగినవారికి ఇది వర్ణింపనక్కఱలేదు. వేసవి సెలవులలో చాప పఱచుకొని, పెట్టెలో క్యాసెట్టు గ్రుచ్చి, పిలిచినను పలుకక కూర్చున్నవారు వారే. ఆనాడు మనకు దొరకిన టీవీ గేములలో పెక్కులు, జపానులో నింటెండో కంపెనీవారు 1983 జూలై 15వ తేదీన విడుదల చేసిన ఫామికామ్ అను యంత్రమునకు నకళ్లు. అంగడివాడు దానిని తన టీవీకి తగిలించి ఒక్క ఆట ఆడించి చూపినపిమ్మటనే మనము సొమ్ము చెల్లించితిమి. చిన్నదైనను అది పరీక్షయే.

నకలు సంగతి యటుండగా, ఆ అసలు యంత్రమే మొదట దోషముతో బయటికి వచ్చెను. లోపలి చిప్పు ఒకటి సరిగా లేమిచే ఆట నడుమ ఆగిపోవుచుండెను. కంపెనీవారు యంత్రములను వెనుకకు రప్పించి బాగుచేసి పంపవలసి వచ్చెను. తొలి కంట్రోలర్ల మీటలు చతురస్రాకారపు రబ్బరు మీటలు. నొక్కినప్పుడు అవి ఇఱుకుకొనుచుండెను గావున పిదప గుండ్రనివి వేసిరి. రబ్బరు మీటలోని ఇట్టి దోషము పటములు గీయు పండితునికి తోచదు. పదేండ్ల పిల్లవాని బొటనవ్రేలికి తోచును!

ఈ పరీక్షల చరిత్రలో మిక్కిలి రమ్యమైనది 1972వ సంవత్సరమున జరిగినది. అటారీ సంస్థకై అలన్ ఆల్కార్న్ అను ఇంజనీరు పాంగ్ అను ఆటయంత్రమును నిర్మించెను. కాలిఫోర్నియాలోని సన్నీవేల్ పట్టణమున, ఆండీ క్యాప్స్ అను పానశాలలో, ప్రయోగార్థము దానిని నిలిపిరి. నాణెము వేసినచో ఆట నడచును. కొన్నాళ్లకు యంత్రము పనిచేయుట లేదని కబురు వచ్చెను. ఆల్కార్న్ పోయి తెఱచి చూడగా చెడిపోయినదేదియు లేదు, నాణెముల డబ్బా నిండి పొంగిపొరలుచుండెను. ప్రజలకు ఈ ఆట కావలయునా యను ప్రశ్నకు అంతకంటె స్పష్టమైన ఉత్తరము మఱియొకటి దొరకదు.

అయితే ఇది ఆదరణను పరీక్షించుటయే కాని యంత్రమును పరీక్షించుట కాదు. ఈ రెంటికిని గల భేదమును మా ఇరుగుపొరుగున నున్న మలక్‌పేట గుఱ్ఱపుపందెముల మైదానమున చూడవచ్చును. నాకు పందెములతో ప్రసక్తి లేదు. తెల్లవాఱుజామున గుఱ్ఱములను పరుగెత్తించుదురని మాత్రము ఎఱుగుదును. చూడవచ్చినవారు వేగమును చూతురు. పశువైద్యుడు కాలిని తడవి, వాపున్నదా యని చూచును. కంపెనీవారు సభ చేసి క్రొత్త యంత్రమును ప్రజలచే ఆడించుట మొదటి విధమైనది. ఆ సభలో ఏ ఆట ఆడవలయునో, ఎంతసేపు ఆడవలయునో వారే నిర్ణయింతురు. రెండవ విధమైన పరీక్ష తలుపులు మూసికొని జరుగును.

కొన్నాళ్లక్రితము నా పూర్వశిష్యుని తండ్రి నాయొద్దకు వచ్చి, "పంతులుగారూ, మావాడు ఆటలను పరీక్షించు ఉద్యోగమునకు పోయెదననుచున్నాడు. ఆడుకొన్నందుకు జీతమిత్తురా? ఇది నమ్మదగిన మాటయేనా?" అని దిగులుతో అడిగెను. దిల్‌సుఖ్‌నగరు శిక్షణాలయముల మెట్లమీద నిత్యము వందలకొలది యువకులు ఎక్కి దిగుచున్న ఈ దినములలో ఆ దిగులు ఆయన ఒక్కనిదే కాదు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి ఆటల సంస్థలు హైదరాబాదులో చాలకాలముగా పనిచేయుచున్నవి. ఆయనకు చెప్పినదే ఇక్కడను చెప్పెదను.

అది ఉద్యోగమే, ఆట కాదు. కథ చదువువాని కన్ను కథవెంట పరుగెత్తును. అచ్చుప్రతిని దిద్దువాని కన్ను అక్షరముపై నిలుచును. నేను చాలకాలము అచ్చుప్రతులు దిద్దినవాడను. ఆ పనిలో ఏ కావ్యముయొక్క రసమును నాకు దక్కలేదు. ఆటను పరీక్షించువాడును అట్టివాడే. అతడు గెలుచుటకు ఆడడు. ఆటలోని వీరుని ఒకే గోడకు నూఱు వైపులనుండి ఢీకొట్టించి, ఎక్కడనైన గోడలో దూఱిపోవునేమో చూచును. ఆట నడుమ కంట్రోలరును ఊడదీయును. ఆట ఎంతవఱకు వచ్చినదో పెట్టె తనలో వ్రాసికొను క్షణముననే విద్యుత్తు నాపును. రాత్రియంతయు ఆటను నిలిపియుంచి తెల్లవాఱిన పిదప మరల నడపును. దోషము కనబడినంతనే పని ముగియదు. ఏ మీటలు ఏ క్రమమున నొక్కగా వచ్చినది, పదిమాఱులలో ఎన్నిమాఱులు వచ్చినది వ్రాయవలయును. సరిచేసితిమని ఇంజనీర్లు చెప్పినపిమ్మట మరల అదియే చేయవలయును. ఒకటి దిద్దుటలో మఱియొకటి చెడినదేమో వెదకవలయును. ఇంత చేసియు, విడుదలకాని యంత్రమునుగూర్చి ఇంటివారికైనను చెప్పనని వ్రాసి యిచ్చియుండవలయును.

ఈ పనికి గౌరవము తక్కువ, భరోసా యింకను తక్కువ. అమెరికాలోని రేవెన్ సాఫ్ట్‌వేర్ సంస్థలో పరీక్షకులు కొందఱిని పనినుండి తొలగింపగా, తక్కినవారు పని మానిరి. 2022 మే నెలలో వారు ఓటు వేసి సంఘముగా నేర్పడిరి. అనుకూలముగా 19, ప్రతికూలముగా 3 ఓట్లు పడినవి. పిల్లవానికి ఓపికయు, చక్కగా వ్రాయు నేర్పును ఉన్నచో పోనిండని ఆ తండ్రికి చెప్పితిని. ఆటలయందలి ప్రీతి ఒక్కటియే కారణమైనచో ఆ ప్రీతి ఆఱునెలలలో తీఱిపోవునని కూడ చెప్పితిని.

ఇంతమంది పరీక్షించినను తప్పించుకొను దోషములు కలవు. 2005 నవంబరులో మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ 360 విడుదలయ్యెను. కొంతకాలము గడచిన పిదప వేలకొలది ఇండ్లలో ఆ పెట్టె ముందుభాగమున మూడు ఎఱ్ఱదీపములు వెలిగి పని ఆగిపోయెను. ఆడునప్పుడు వేడెక్కుట, ఆపినప్పుడు చల్లారుట, ఇట్లు మరల మరల జరుగగా లోపలి సూక్ష్మమైన అతుకులు పగిలెను. 2007 జూలైలో ఆ కంపెనీవారు ఈ దోషమునకు హామీని మూడేండ్లకు పెంచి, అందులకై నూఱుకోట్ల డాలర్లకు పైగా కేటాయించిరి. నింటెండో వారి స్విచ్ యంత్రమును 2017 జనవరిలో ప్రజలచే ఆడించి చూచిరి, మార్చి 3న విడుదల చేసిరి. ముట్టకుండగనే బొమ్మ ప్రక్కకు జరిగిపోవు దోషము దాని కంట్రోలర్లలో నెలలు గడచినగాని బయటపడలేదు. 2020లో కంపెనీ అధ్యక్షుడు ఫురుకావా క్షమాపణ చెప్పెను. అరగంట ఆడినవానికి అరుగుదల ఎట్లు తెలియును?

స్విచ్ 2 విషయమునను అట్లే సభలు జరిగినవి. 2025 ఏప్రిల్ మొదలుకొని న్యూయార్కు, పారిస్, లండను, టోక్యో వంటి నగరములలో, చీటీలు తీసి ఎన్నుకొన్నవారిచే ఆడించిరి. మనవారు పెక్కుమంది కాపురమున్న డల్లాస్ నగరము ఆ పట్టికలో ఉన్నది. హైదరాబాదు మాట యటుండ, భారతదేశపు నగరమొక్కటియు లేదు. జూన్ 5న విడుదలకాగా నాలుగు దినములలో 35 లక్షల పెట్టెలు చెల్లినవి.

మన దేశమునకు ఇట్టి యంత్రములు తఱచుగా ఆలస్యముగా వచ్చును. దానిని అవమానముగా తలచువారు కలరు. నాకట్లు తోచదు. ముందుగా కొన్న దేశములవారు మనకు జీతము లేని పరీక్షకులు. సోనీ వారి ప్లేస్టేషన్ 5 అమెరికా, జపాను దేశములలో 2020 నవంబరు 12న విడుదలయ్యెను. మనకు 2021 ఫిబ్రవరి 2న వచ్చెను. అప్పుడు దాని వెల 49,990 రూపాయలుగా నుండెను. అక్కడివారి అనుభవములను తాపీగా విచారించుకొనుటకు రెండున్నర నెలలకు పైగా వ్యవధి దొరకినది. అయినను జనవరి 12న ముందస్తు నమోదు తెఱచిన కొలది నిమిషములలోనే నిల్వ యంతయు చెల్లిపోయెను.