బాలల రక్షణకు స్వతంత్ర పర్యవేక్షణము

కంచెయే చేను మేసినచో కాపు చేయగలిగినదేమని పెద్దలు చెప్పుదురు. తల్లిదండ్రులు లేని పిల్లలకును, ఇల్లు విడిచి దూరమున చదువుకొను పిల్లలకును వసతిగృహమే కంచె. ఆ కంచెను కనిపెట్టుటకు వేరొక కన్ను ఉండవలెను.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకు ఈ సత్యము మిక్కిలి బాధాకరముగా తెలియవచ్చినది. 2013 జనవరిలో కాంకేర్ జిల్లా ఝలియామారిలోని ప్రభుత్వ వసతిగృహమునందు గిరిజన బాలికలపై జరిగిన అత్యాచారములు బయల్పడెను. కాపాడవలసినవారే నిందితులైరి.

ప్రభుత్వ శాఖలకు ఆజ్ఞలు నవా రాయపూర్ నందలి సచివాలయమునుండి వెలువడును. శాఖ తన గృహములను తానే తనిఖీ చేసికొనినచో లోపములు కప్పబడు ప్రమాదము గలదు. కావుననే 2005 నాటి చట్టము ప్రతి రాష్ట్రమునకును బాలల హక్కుల పరిరక్షణ కమిషనును ఉద్దేశించినది. అందు ఒక అధ్యక్షుడును, ఆరుగురు సభ్యులును ఉందురు. సభ్యులలో కనీసము ఇద్దరు స్త్రీలు. ఫిర్యాదు రాకున్నను ఈ కమిషను తనంతట తానే విచారణ జరుపవచ్చును. సాక్షులను పిలిపించుటకును, దస్త్రములను తెప్పించుటకును దీనికి సివిలు న్యాయస్థానమునకుగల అధికారము గలదు. అయితే ఇది శిక్ష విధింపజాలదు. ప్రభుత్వమునకు సిఫారసు చేయును, అవసరమైనచో హైకోర్టు నాశ్రయించును. కమిషనును నియమించునదియు ప్రభుత్వమే గనుక, దాని స్వాతంత్ర్యము పేరునందుగాక పనియందు కనబడవలెను.

2015 నాటి బాలన్యాయ చట్టము క్రింద నడచు గృహములను తనిఖీసంఘము మూడు నెలలకొకమారైనను దర్శింపవలెను. వచ్చు బృందములో ముగ్గురికి తక్కువ కారాదు. వారిలో ఒక స్త్రీయు, ఒక వైద్యాధికారియు తప్పక ఉండవలెను. నివేదిక వారములోపల జిల్లా కలెక్టరునకు చేరవలెను. తగిన చర్య నెలలోపల జరుగవలెను.

వైద్యుని చేర్చుటలో గొప్ప వివేకమున్నది. పడకలను లెక్కించుట ఎవరికైనను సాధ్యమే. బిడ్డ బరువు తగ్గుటను, మానని గాయమును, అకారణమైన భయమును గుర్తింప వైద్యునికి నేర్పు గలదు. బిడ్డతో ఒంటరిగా, ఓపికతో మాటలాడినగాని నిజము తెలియదు. సిబ్బంది ఎదుట నిలిచిన బిడ్డ 'బాగున్నాను' అనియే చెప్పును.

తనిఖీ మూడు నెలలకొకమారు. పొరుగువారి కన్ను ప్రతిదినము. ఏ బిడ్డయైనను ఆపదలో ఉన్నట్లు తోచినచో 1098 సంఖ్యకు ఫోను చేయుడు. ఇందుకు రుసుము లేదు. రాత్రింబవళ్లు సమాధానము లభించును. బిడ్డపై లైంగిక నేరము జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలుపుట 2012 నాటి చట్టము ప్రకారము విధి. మనకెందుకని ఊరకుండుట ఆ బిడ్డను మరల ఒంటరిని చేయుటయే.