కామాటిపురమున చీటీల పెట్టె: వల్లె యెప్పుడు, విరామ మెప్పుడు

18వ శతాబ్ది చివర బొంబాయి కట్టడముల పనికై నిజాము రాజ్యపు పల్లెల నుండి వలసపోయిన కామాటీలు ఏ వాడకు తమ పేరు నిచ్చిరో, ఆ కామాటిపురమున, సంఖ్యలే పేర్లుగాగల గల్లీలలో, బీడీలు చుట్టు తల్లులు నేటికిని తెలుగున మాటలాడుకొందురు. వారి బిడ్డలు మరాఠీ, హిందీలలో ఆడుకొందురు. మిల్లుల కాలమున కరీంనగరు, నల్లగొండ సీమల నుండి వచ్చిన పద్మశాలీలలో పెక్కు కుటుంబములు 1982 నాటి మిల్లుల సమ్మె తరువాతను వర్లీ, లోయరు పరేలు చాళ్లలోనే (ఒంటిగదుల వరుస యిండ్లలోనే) నిలిచినవి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమపు బడులను నడుపుచున్నను, మరాఠీ, ఇంగ్లీషు బడులకు పోవు పిల్లలకు నోటనున్న తెలుగు కంటికి తెలియదు.

అట్టివారికి లిపి నేర్పబూనిన పెద్దలకు ఒక సందేహము కలుగును: దినములు ఎడమిచ్చి కొంచెము కొంచెముగ నెమరువేయించుట మేలా, సొంత ఊరి ప్రయాణమునకు ముందు కూర్చుండబెట్టి వల్లెవేయించుట మేలా? రెండును వలయును, అయితే వల్లె లెక్కను విరామపు లెక్కలో కలుపరాదని నా నిశ్చయము.

హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అను జర్మను పండితుడు తన జ్ఞాపకశక్తిపై తానే ప్రయోగములు సలిపి 1885లో ప్రకటించిన గ్రంథమున, అర్థములేని పన్నెండు శబ్దముల వరుసను మూడు దినములకు పంచి 38 మార్లు వల్లించిన ఫలము, ఒక్క దినమున 68 మార్లు వల్లించిన ఫలమునకు తీసిపోలేదని చూపెను. ఆ తత్త్వమునే 1970లలో సెబాస్టియన్ లైట్నర్ అరలుగల చీటీల పెట్టెగా మలచెను: తెలిసిన చీటీ మరింత ఎడమిచ్చి చూచు వెనుక అరకు జరుగును, తప్పినది మొదటి అరకు మరలును. 160 చదరపు అడుగుల చాళ్ల గదిలోనైనను ఖాళీ చెప్పుల పెట్టె యొకటి పట్టకపోదు.

అయినను పెట్టె యొక్కటే చాలదు. దేవనాగరి వచ్చిన పిల్లవాడు తెలుగు మ-యల యొద్ద, ప-వ-షల యొద్ద, ద-ధ-థల యొద్ద తడబడును. ఈ అక్షరములు వేర్వేరు దినములలో ఒంటిగా ఎదురైనప్పుడు ఊహతో గట్టెక్కును. పక్కపక్కన నిలిపి, వరుస మార్చి మార్చి, పది నిమిషములు చదివించినగాని వాని భేదము కంటికి పట్టదు. వేదపాఠశాలలలో క్రమము, జట, ఘనము అని పదముల వరుసను మార్చి మార్చి చెప్పించిన పూర్వుల వల్లెయు గుడ్డి వల్లె కాదు. ఇట్లు తడబడు అక్షరములే అదనపు సాధనకు తగిన చోటు. ప్రయాణమునకు ముందు వారము బస్సు బోర్డులపై నుండు ఊరిపేర్లను వల్లెవేయించుటయు తప్పుకాదు. ఊరికి పోవు దేవగిరి ఎక్స్‌ప్రెస్ రైలు దిగిన వెంటనే కావలసిన చదువు అది.

కాని వల్లె ముగిసిన వెంటనే "య" సరిగా పలికెనని ఆ చీటీని వెనుక అరకు జరిపినచో చేటు కలుగును. ఏలయన అప్పుడు నోట వచ్చినది క్షణము క్రితము విన్నదాని ప్రతిధ్వనియే. కొంత మరపు కమ్మిన పిదప ప్రయాసపడి తెచ్చుకొన్న జ్ఞాపకమే నాటుకొనును. ఆ ప్రయాసకు నియమించిన తారీఖును వల్లె మ్రింగివేయరాదు. ఫోనులో ఆంకీ అను చీటీల యాప్ వాడువారు సాధనకు వేరుగా చీటీల కట్టను ఏర్పరచి, తారీఖులు మారకుండ చేసికొనవచ్చును. పెట్టె వాడువారు వల్లె ముగియగానే చీటీని తీసిన అరలోనే తిరిగి పెట్టవలయును.

చాళ్లలోని పెద్దలారా, ఊరి నుండి తిరిగివచ్చిన మొదటి ఆదివారమే ఆ పెట్టెను తెరువుడు. గడువు మీరిన చీటీలను క్రొత్తవానికంటె ముందుగా చూపుడు.