ఎండు కర్ర, తడి కర్ర

కరెంటు పట్టుకున్న మనిషిని విడిపించాలంటే ముందు మెయిన్ ఆపాలి. అది వీలుకాకపోతే ఎండు కర్రతో తీగను పక్కకు నెట్టాలి. కర్ర సరే, 'ఎండు' అన్న మాట ఎందుకు? నిరోధం అంటే ఏమిటో తెలిస్తే జవాబు దొరుకుతుంది.

రాగి, అల్యూమినియం వంటి లోహాల్లో కొన్ని ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకూ కట్టుబడక లోహమంతటా తిరుగుతుంటాయి. తీగ కొసల మధ్య వోల్టేజి ఇవ్వగానే అవి ఒక దిశగా సాగుతాయి. అదే విద్యుత్ ప్రవాహం. కంపించే పరమాణువులూ, లోహంలోని మలినాలూ వాటికి అడ్డుతగులుతాయి. ఈ అడ్డంకే నిరోధం. తీగ పొడవైతే నిరోధం పెరుగుతుంది, లావైతే తగ్గుతుంది.

గాజు, పింగాణి, రబ్బరు, ఎండిన చెక్కల్లో ఎలక్ట్రాన్లు తమ చోటు వదిలి రావు. అందుకే అవి బంధకాలు. 1 మీటరు పొడవు, 1 చదరపు మిల్లీమీటరు అడ్డుకోత గల రాగి తీగ నిరోధం సుమారు 0.017 ఓములు. అదే కొలతల గాజు కడ్డీ నిరోధం దీనికి కోటి కోట్ల రెట్ల పైమాటే!

ఈ తేడాను 1729లో ఇంగ్లండులో స్టీఫెన్ గ్రే గమనించాడు. ఆయన నారతాడును పట్టుదారాలతో వేలాడదీసి, దాని వెంట విద్యుదావేశాన్ని దూరానికి పంపాడు. పట్టుదారం తెగిపోతే సన్నని ఇత్తడి తీగ కట్టాడు. ఆవేశం ఇత్తడి గుండా జారిపోయి తాడు చివరకు చేరనే లేదు. సన్నదనం కాదు, పదార్థమే ముఖ్యమని తేలింది. మరి నారతాడు ఆవేశాన్ని ఎలా మోసింది? అందులోని చెమ్మ వల్ల.

మన బావినీళ్లలో, వాననీళ్లలో లవణాలు ఎంతో కొంత కరిగి ఉంటాయి. వాటి అయానులు ఆవేశాన్ని మోస్తాయి. కనుక తడిసిన కర్ర నమ్మదగిన బంధకం కాదు.

మన చర్మమూ అంతే. పొడిగా ఉంటే శరీర నిరోధం లక్ష ఓముల దాకా ఉండవచ్చు. తడిస్తే వెయ్యి ఓములకు పడిపోవచ్చు. ఓమ్ సూత్రం ప్రకారం 230 వోల్టులను ఈ అంకెలతో భాగించి చూడండి. మొదటి లెక్కలో ప్రవాహం 2.3 మిల్లీ ఆంపియర్లు, చురుక్కుమంటుంది. రెండో లెక్కలో 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. తడిచేత్తో, తడినేల మీద నిలబడి మోటారు స్టార్టరు ముట్టరాదనేది ఇందుకే. పొడి చర్మాన్నీ పూర్తిగా నమ్మలేం. వోల్టేజి పెరిగేకొద్దీ దాని నిరోధమూ తగ్గుతుంది.

బంధకమంటే కరెంటును ఎన్నడూ పోనీయనిదని కాదు. ఫలానా స్థితిలో, ఫలానా వోల్టేజి వరకు ఆపగలదని మాత్రమే. 11,000 వోల్టుల తీగ తెగిపడితే ఎండు కర్ర కూడా పనికిరాదు. సరఫరా ఆపించేదాకా దూరంగా ఉండటమే మార్గం.