ముస్తఫా గేమ్ – ఒక్క కాయిన్‌తో పెద్ద బాస్ దాకా

మన వార్షికోత్సవం నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక కంప్యూటర్ గదిలో పాత విద్యార్థులకూ ఇప్పటి వాళ్ళకూ ముస్తఫా గేమ్ పోటీ పెడుతున్న సంగతి మీకు తెలిసిందే. పోటీ ఎలా మొదలైందో కూడా చాలామందికి తెలుసు. పోయినసారి వచ్చిన సీనియర్ అన్నలు మేము ఆడుతుంటే వెనక నిలబడి కాసేపు చూశారు. చూసి, "మీరు గేమ్ ఆడట్లేదు తమ్ముడూ, కాయిన్లు కొడుతున్నారు" అన్నారు. నిజమే, కంప్యూటర్‌లో 5 అంకె నొక్కితే ఒక కాయిన్ పడుతుంది. ఎన్నిసార్లు నొక్కినా అడిగేవాడు లేడు. అన్నల కాలంలో కాయిన్ అంటే జేబులోంచి తీసిన రూపాయి బిళ్ళ. కాస్మెటిక్ చార్జీల్లో కటింగ్‌కూ సబ్బుకూ పోగా మిగిలిన రూపాయి! అది పోతే ఇక పక్కవాడి ఆట చూస్తూ నిలబడటమే.

ఆ మాట మాకు గట్టిగానే తగిలింది. అందుకే ఈసారి నియమం పెట్టుకున్నాం. ముగ్గురి జట్టు, మనిషికి ఒక్క కాయిన్, అంతే. ఆ మూడు కాయిన్లతో ఎవరు ఎక్కువ దూరం వెళితే వాళ్ళు గెలిచినట్టు. మేము కొన్ని నెలలుగా సాధన చేసి తెలుసుకున్నవి జూనియర్ తమ్ముళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాం. అన్నలు చదివినా ఫరవాలేదు, చదివినంత మాత్రాన వేళ్ళు తిరగవు కదా!

ముందు ఆట గురించి నాలుగు మాటలు. దీని అసలు పేరు ముస్తఫా కాదు, 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్'. జపాన్‌కు చెందిన కాప్‌కామ్ కంపెనీ 1993లో విడుదల చేసింది. అమెరికాలో మార్క్ షుల్జ్ అనే ఆయన రాసి బొమ్మలు వేసిన 'జెనోజోయిక్ టేల్స్' అనే కామిక్స్ దీనికి ఆధారం. కథ భవిష్యత్తులో జరుగుతుంది. భూమి మీద ఉత్పాతాలు వచ్చి మనుషులు కొన్ని వందల ఏళ్ళు నేల అడుగున తలదాచుకుంటారు. బయటికి వచ్చేసరికి డైనోసార్లు మళ్ళీ తిరుగుతుంటాయి. వాటిని వేటాడి అమ్ముకునే ముఠా ఒకటి, వాటి మీద పిచ్చి ప్రయోగాలు చేసే ఫెసెండెన్ అనే శాస్త్రవేత్త ఒకడు. ఈ ముఠాను ఎదిరించే నలుగురే మన హీరోలు: జాక్, హన్నా, ముస్తఫా, మెస్. కాడిలాక్ అంటే జాక్ నడిపే పాతకాలపు అమెరికన్ కారు.

మరి మన దేశంలో ముస్తఫా పేరే ఎందుకు నిలిచిపోయింది? బస్టాండ్ దగ్గర వీడియో గేమ్ షాపుల్లో అందరూ పసుపు టోపీ పెట్టుకున్న ఆ ఒక్కడినే ఎంచుకునేవారు. అంత పొడవు ఇంగ్లీషు పేరు ఎవరు పలుకుతారు? పైగా అందులో మనవాళ్ళ నోటికి అలవాటైన పేరు అదొక్కటే. 'కంటిన్యూ' స్పెల్లింగు మా అన్నల్లో చాలామంది బళ్ళో కాదు, ఆ తెర మీదే నేర్చుకున్నారట. పక్కనే తొమ్మిది, ఎనిమిది, ఏడు అని అంకెలు తగ్గుతుంటే ఏ అక్షరమైనా గుర్తుండిపోతుంది మరి.

అసలు విషయానికి వద్దాం. ఆటలో ఎనిమిది స్టేజీలు. ప్రతి స్టేజీ చివర ఒక పెద్దవాడు వస్తాడు. వాడినే బాస్ అంటాం. దారిలో వచ్చే చిన్న రౌడీలను ఎవరైనా కొడతారు. కాయిన్లన్నీ పోయేది బాస్ దగ్గరే. మిషన్ పెట్టినవాడికి డబ్బు రావాలి కాబట్టి ఆట తయారుచేసిన వాళ్ళు కావాలనే అలా పెట్టారు. దారంతా మనకు ధైర్యం ఇచ్చి, చివర్లో తీసేసుకుంటారు. అయితే ఒకటి గమనించాలి. బాస్ ఎంత పెద్దవాడైనా వాడికి తెలిసినవి రెండు మూడు పనులే. వాటినే తిప్పి తిప్పి చేస్తుంటాడు. కాబట్టి కొత్త బాస్ రాగానే మీద పడకుండా కాసేపు దూరంగా తిరుగుతూ వాడేం చేస్తున్నాడో చూడాలి. తొందరపడి బటన్ బాదేవాడి కాయిన్ ముందు పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి 'గీత'. ఈ మాట మేము పెట్టుకున్నదే. తెర మీద మన మనిషి కుడి ఎడమలకే కాదు, పైకీ కిందికీ కూడా నడుస్తాడు. అంటే రోడ్డుకు ఈ పక్క నుంచి ఆ పక్కకు దాటినట్టు. మనం కొట్టే దెబ్బ ఎదుటివాడికి తగలాలంటే ఇద్దరమూ దాదాపు ఒకే గీత మీద ఉండాలి. వాడి దెబ్బ మనకు తగలాలన్నా అంతే! ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం ఆట వచ్చినట్టే. తుపాకి పట్టుకున్నవాడు ఎదురుగా ఉంటే నేరుగా వాడి మీదికి నడవకూడదు. కాస్త పైకో కిందికో జరిగి, వాలుగా దగ్గరికి వెళ్ళి, ఆఖరి అడుగులో మాత్రమే వాడి గీత మీదికి రావాలి. రాగానే కొట్టాలి. కొట్టగానే మళ్ళీ పక్కకు. జూనియర్లు ఆడేటప్పుడు మేము చూసినదేమిటంటే, పది దెబ్బల్లో ఎనిమిది వాళ్ళు బాస్ గీత మీద ఊరికే నిలబడినప్పుడు తిన్నవే.

రెండోది, రెండు బటన్లు కలిపి నొక్కే దెబ్బ. ఆటలో ఉన్నవి రెండే బటన్లు, ఒకటి కొట్టడానికి, ఒకటి ఎగరడానికి. రెండూ ఒకేసారి నొక్కితే చుట్టూ ఉన్నవాళ్ళందరినీ పడగొట్టే దెబ్బ వస్తుంది. కానీ అది తగిలిన ప్రతిసారీ మన పవర్ కొంచెం తగ్గుతుంది. చాలామంది దీన్ని భయంతో వాడతారు. ఒక్కడు దగ్గరికి వచ్చినా నొక్కేస్తారు. మేము పెట్టుకున్న లెక్క ఇది: చుట్టూ ముగ్గురికి తక్కువ ఉంటే దాన్ని ముట్టుకోకూడదు. ముగ్గురు మీద పడితే వాళ్ళు తీసే పవర్‌తో పోలిస్తే మనం ఇచ్చుకునేది తక్కువ, కాబట్టి అప్పుడు లాభం.

మూడోది రన్నింగ్ కిక్కు. ముందుకు రెండుసార్లు టకటకా నొక్కితే మనిషి పరుగెత్తుతాడు, ఆ పరుగులో కొట్టే బటన్ నొక్కితే ముస్తఫా గాల్లో దూసుకెళ్ళి తన్నుతాడు. దీన్నే నమ్ముకుని సీనియర్లు సగం ఆట ఆడేస్తారు. మంచిదే, కాదనం. కానీ బాస్ దగ్గర ఎప్పుడూ అదే వాడితే ప్రమాదం. తన్ను గురి తప్పితే మనం బాస్‌ను దాటుకుని అవతల వాడి మనుషుల మధ్య పడతాం. వాడు కిందపడి లేచే సమయంలో మనం ఎక్కడ నిలబడ్డామన్నది తన్ను కన్నా ముఖ్యం. లేచేటప్పుడు గీత తప్పి ఉండాలి, లేచాక మళ్ళీ గీత మీదికి రావాలి.

ఇక బాసుల సంగతి. మొదటి స్టేజీలో వచ్చే వైస్ టెర్‌హ్యూన్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. వాడి దగ్గర ప్రాణం పోగొట్టుకునేవాడు జట్టులో ఉండకపోవడం మంచిది. రెండో స్టేజీ చివర వచ్చే బుచర్ మాత్రం అసలు పరీక్ష. రెండు చేతుల్లో కత్తులు పట్టుకుని మీదికి వస్తాడు. ఎదురుగా ఉండి వాడితో దెబ్బకు దెబ్బ కొడదామనుకుంటే కుదరదు, కత్తి మన చేతికన్నా పొడవు. వాడు కత్తి విసిరే వరకు పైకో కిందికో తప్పుకుని, విసిరి ఖాళీ అయిన క్షణంలో పక్క నుంచి రెండు మూడు దెబ్బలు వేసి బయటపడాలి. ఒక్కోసారి బాస్ పవర్ గీత అయిపోయినట్టు కనిపిస్తుంది, సంతోషపడేలోగా దాని కింద ఇంకో రంగు గీత బయటపడుతుంది. అందుకే 'ఇంకొక్కటే దెబ్బ' అనుకుని దూకవద్దు. బుచర్ దగ్గర మా జట్టు ఎక్కువసార్లు చచ్చింది ఆ ఆఖరి దెబ్బ కోసమే.

మూడో స్టేజీ అందరికీ ఇష్టం, ఎందుకంటే కారు ఎక్కేది ఇందులోనే. రౌడీలను గుద్దుకుంటూ వెళ్ళవచ్చు. ఆఖర్న హాగ్ మోటార్ సైకిల్ మీద వస్తాడు. బండి వాడు దూసుకొచ్చే గీత మీదే వస్తుంది కాబట్టి చివరి క్షణంలో పక్కకు తప్పుకోవడం, వచ్చేటప్పుడు ఎగిరి తన్నడం, ఇవి రెండే మార్గాలు. నాలుగో స్టేజీ స్లైస్ బూమరాంగ్ విసురుతాడు. బూమరాంగ్ వెళ్ళి తిరిగి వచ్చే ఆయుధం. వెళ్ళేటప్పుడు తప్పించుకున్నవాడు వచ్చేటప్పుడు వీపు మీద తింటాడు! కాబట్టి అది దాటిపోగానే వాడి మీదికి పరుగెత్తవచ్చు గానీ, అదే గీత మీద మాత్రం పరుగెత్తకూడదు.

ఐదో స్టేజీ నుంచి కథ మారిపోతుంది. అప్పటిదాకా మనుషులతో పోట్లాట, ఇక్కడి నుంచి రాక్షసులతో. మోర్గన్ మొదట మనిషిగానే పోరాడతాడు, ఓడాక మృగంగా మారి మళ్ళీ వస్తాడు. ఆరో స్టేజీ టైరాగ్ కూడా పడ్డాడని చేతులు దులుపుకుంటే మళ్ళీ లేచే రకమే. ఇక్కడ పొదుపు ముఖ్యం. దారిలో దొరికిన తిండి వెంటనే తినకుండా వీలైతే ఉంచి, నిజంగా పవర్ తగ్గినప్పుడు తినాలి. ముగ్గురిలో ఎవరి పవర్ తక్కువగా ఉంటే తిండి వాళ్ళకే వదలాలి. మెస్‌లో గుడ్డు దగ్గర చూపించే చురుకుదనం ఇక్కడ చూపించవద్దని మనవి. తుపాకి దొరికితే అది హన్నాకి ఇవ్వడం మా పద్ధతి, ఆయుధాలు వాడటంలో ఆమె నేర్పరి. అందుకే జట్టులో ముగ్గురూ ముస్తఫానే కావాలని పట్టుపట్టవద్దు. ఒకరు హన్నా, ఒకరు బలం ఎక్కువున్న మెస్ తీసుకుంటే బాస్ దగ్గర తేడా తెలుస్తుంది.

డైనోసార్ల విషయం ఒకటి మరిచాం. అవి మన శత్రువులు కావు, ఆ ముఠా వాటిని బాధపెడుతుంటే మనం కాపాడేవాళ్ళం. అయితే కోపం వచ్చిన డైనోసార్‌కు మన తన పర అని ఉండదు. దాన్ని రెచ్చగొట్టకుండా, రౌడీలకూ దానికీ మధ్య మనం లేకుండా చూసుకుంటే చాలు. ఒక్కోసారి మన పని అదే చేసిపెడుతుంది.

ఏడో స్టేజీలో స్లైసార్‌లు జంటగా వస్తాయి. మా అభిప్రాయంలో ఆట మొత్తంలో కష్టమైన చోటు ఇదే, ఆఖరి బాస్ కన్నా కూడా. ఇద్దరు బాసులు మనకు చెరో పక్క ఉంటే ఇక అయిపోయినట్టే, ఒకదాని వైపు తిరిగితే రెండోది వెనక నుంచి కొడుతుంది. రెండూ మనకు ఒకే పక్క ఉండేలా చూసుకోవడమే ఇక్కడ చెయ్యాల్సిన మొదటి పని. ఒకరు తెర అంచు దగ్గర నిలబడితే అవి అటు వస్తాయి. మిగతా ఇద్దరు వెనక నుంచి ఒకదాన్నే పట్టుకుని కొట్టాలి. రెండింటినీ సగం సగం కొడితే రెండూ బతికే ఉంటాయి, మన ముగ్గురమే తగ్గిపోతాం. ఈ ఒక్క చోటు కోసం మేము ఎవరు అంచున నిలబడాలో ముందే పేర్లు రాసుకున్నాం. అంచున నిలబడేవాడికి పాయింట్లు రావు, దెబ్బలు ఎక్కువ పడతాయి, మొదట ఎవరూ ఒప్పుకోలేదు. చివరికి వంతులు వేసుకున్నాం.

ఆఖరిది ఎనిమిదో స్టేజీ, ఫెసెండెన్. తన ప్రయోగాలు తనమీదే జరిగినట్టు మనిషి రూపం పోయి పెద్ద రాక్షసుడవుతాడు. ఇక్కడికి ఒక్కొక్కరు కనీసం ఒక ప్రాణం మిగుల్చుకుని రావాలి, లేకపోతే ఎంత నైపుణ్యం ఉన్నా కుదరదు. ఒక ప్రాణం పోయి కొత్తది దిగిన క్షణంలో కాసేపు మనకు దెబ్బ తగలదు. ఆ కాసేపూ పారిపోవడానికి కాదు, బాస్ పక్కకు చేరి కొట్టడానికి వాడుకోవాలి. ఇప్పటివరకు మేము మూడు కాయిన్లతో ఫెసెండెన్ దాకా రెండుసార్లు వెళ్ళాం. ఒకసారి వాడి పవర్ గీత వేలెడంత మిగిలింది. కరెంటు పోలేదు, కీబోర్డు ఆగలేదు, ఏ సాకూ లేదు. వాడే గెలిచాడు.

కీబోర్డు అన్నాం కాబట్టి ఒక జాగ్రత్త. మామూలు కీబోర్డు మీద ముగ్గురు ఒకేసారి నొక్కితే కొన్ని మీటలు పనిచెయ్యవు. మనం ఎగిరామనుకుంటాం, తెర మీద మనిషి ఎగరడు. అది మన తప్పు కాదు, కీబోర్డుకు అన్ని మీటలు ఒకేసారి తెలియవు. అందుకని పోటీకి ఇద్దరికి యూఎస్‌బీ జాయ్‌స్టిక్‌లు, ఒకరికి కీబోర్డు ఏర్పాటు చేస్తున్నాం. కీబోర్డు ఎవరికన్నది చీటీలు వేసి తేలుస్తాం. 5 అంకె మీట మీద మాత్రం ఆట మొదలయ్యాక స్టిక్కర్ అంటిస్తాం. అన్నలూ, ఆ స్టిక్కర్ మీ ముందే అంటిస్తాం, మీరే తీసుకొస్తే ఇంకా మంచిది.